నాలుగో వరుస పాట

ఆ పాట నేనే కట్టాను. కట్టిన సాయంత్రం డైరీలో రాసుకున్నాను కూడా, కాస్త మురిసిపోతూ. "పైకి పిట్టకి, కిందికి చేపకి, ఇటు బడికి, అటు ఇంటికి." నాలుగే ముక్కలు. మా ఎల్‌కేజీ పిల్లలు రెండు రోజుల్లో పట్టేశారు. చేతులు ఊపుతూ గొంతులు చించుకుని పాడేవాళ్ళు. పక్క గదిలోని ఒకటో తరగతి టీచరు తలుపు దగ్గరికి వచ్చి, "ఏమే, నువ్వు సినిమాలకి రాయాల్సిన దానివి, ఇక్కడేం చేస్తన్నావ్?" అని ఎగతాళి చేసింది. ఆ మాట కూడా రాసుకున్నాను.

ఇప్పుడు ఆ పేజీ తెరవాలంటే నాకు చెయ్యి రాదు.

పిడుగురాళ్ళలో సున్నం బట్టీలకు పోయే దారిలో ఉన్న చిన్న ప్రైవేటు బడి మాది. డిగ్రీ అయిన దగ్గర్నుంచి అక్కడే చిన్నపిల్లల టీచర్ని. పెద్దవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. నాలుగేళ్ళ పిల్లల ముందు మాత్రం ఎంతసేపైనా మాట్లాడగలను. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు హాజరు పుస్తకం కింద నవల పెట్టుకుని చదువుతాను. ఇంటికొచ్చాక డైరీ రాస్తాను. ఎవరితోనూ అనలేని మాటలన్నీ అందులోకే పోతాయి. అదొక మంచి అలవాటని చాలాకాలం అనుకున్నాను.

ఆ ఏడు ఒక కళ్ళ ఆసుపత్రివాళ్ళు, చిన్నపిల్లల కళ్ళు పరీక్ష చేయడం నేర్పిస్తామని కొన్ని బడుల నుంచి టీచర్లను గురజాల పిలిచారు. మా బడి నుంచి నన్ను పంపారు. ఒక పూట శిక్షణ. చెప్పినావిడ నెమ్మదిగా, అర్థమయ్యేటట్టు చెప్పింది. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే రెండోది కనిపించడం లేదని చిన్నపిల్లలకు తెలియదు, అందుకే వాళ్ళు చెప్పరు. పైకి చూస్తే కళ్ళు రెండూ చక్కగానే ఉంటాయి. మసకగా కనిపించే కన్నును మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్ను అలాగే బద్ధకించిపోతుంది. చిన్నతనంలోనే కనిపెడితే కళ్ళద్దాలు పెట్టి, మంచి కన్ను రోజూ కొంతసేపు మూసి, బద్ధకించిన కన్నుతో పనిచేయించి దారికి తేవచ్చు. ఏడెనిమిదేళ్ళు దాటితే కష్టం.

ఇవన్నీ డైరీలో రాసుకున్నాను. పరీక్ష చేసే పద్ధతి కూడా రాసుకున్నాను. చార్టు మీద ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉంటుంది, మూడు కాళ్ళతో. కాళ్ళు పైకి ఉంటే పిల్లలు చెయ్యి పైకి చూపాలి, కిందికి ఉంటే కిందికి, పక్కకు ఉంటే అటుపక్కకు. చదువు రాకపోయినా చెప్పగలిగే పరీక్ష. పై వరుసలు పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. మా పిల్లల వయసుకు నాలుగో వరుస కనిపిస్తే చాలు. నా రాతలోనే ఇంకా ఇలా ఉంది: "ఆటగా నేర్పడానికి విడిగా ఒక పెద్ద అక్షరం చాలు. వరుసగా అడగకూడదు, ఎక్కడబడితే అక్కడ పుల్ల పెట్టి అడగాలి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండో కన్ను మూసినప్పుడు పేచీ పెట్టినా, తల తిప్పినా, చెయ్యి తోసేసినా అది గుర్తు. చూపున్న కన్ను మూస్తేనే పిల్లలు పేచీ పెడతారు."

దాని కింద ఇంకో వాక్యం ఉంది. "సందేహం: ఇచ్చిన చార్టును పరీక్షకు ముందే తరగతి గోడకి తగిలించవచ్చా?"

హాలులో చివరి బెంచీలో కూర్చున్నాను. చెయ్యి ఎత్తితే నలభై మంది తిరిగి చూస్తారు. "ఇంకేమైనా అడుగుతారా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. నేను ఎత్తలేదు. సందేహం డైరీలో రాసుకుని, చార్టు చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మర్నాడు మా పెద్ద మేడం ఆ సందేహం తీర్చేసింది. "గోడకి తగిలించమ్మా. రోజూ ప్రేయర్ కాంగానే ప్రాక్టీస్ చేయించు. ఆ కళ్ళవాళ్ళొచ్చినప్పుడు మన పిల్లలు నోరు తెరుచుకుని నిలబడితే పరువు పోద్ది."

మా బడిలో అంతే. ఏది అడగబోతున్నారో తెలిస్తే అది ముందే నేర్పేస్తాం. ఎవరైనా చూడడానికి వస్తున్నారంటే ఏ పిల్ల ఏ ప్రశ్నకు లేవాలో, ఏ పిల్లవాడు రైమ్ చెప్పాలో వారం ముందే ఖాయమైపోతుంది. దాన్ని మోసం అనుకోము, తయారీ అనుకుంటాం. నేను చదువుకున్న బడులన్నీ అలాంటివే. కళ్ళ పరీక్ష కూడా పరీక్షే కదా అనుకున్నాను. నాలుగో వరుసలో నాలుగు అక్షరాలున్నాయి. అవి పైకి, కిందికి, కిటికీ వైపు, తలుపు వైపు. ఆ వరుస ప్రకారమే పాట కట్టాను.

మా తరగతిలో ఒక పాప ఉంది. వాళ్ళ నాన్న బైపాస్ మీద లారీల డైనమోలు, సెల్ఫు మోటార్లు బాగుచేసే మెకానిక్. వాళ్ళమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రెండు జడలకు రెండు రంగుల రిబ్బన్లు వేసుకొస్తుంది పాప. ఏవి చేతికి దొరికితే అవి. పాట అందరికన్నా ముందు పట్టింది, అందరికన్నా గట్టిగా పాడేది.

పరీక్ష రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు టీచర్లే చూడాలి. తేడా ఉన్నవాళ్ళను మధ్యాహ్నం వచ్చే కళ్ళవాళ్ళు మళ్ళీ చూస్తారు. చార్టు దగ్గర మా ఆయమ్మ పుల్ల పట్టుకుని నిలబడింది. "వరుసగా పెట్టు ఆయమ్మా, నీకు తేలిగ్గా ఉంటది" అని నేనే చెప్పాను. ఇవతల నేను పిల్లల కన్ను అరచేత్తో మూస్తున్నాను. పెద్ద మేడం తలుపు దగ్గర నిలబడి ఉంది.

పాప వంతు వచ్చింది. ఎడమ కన్ను మూశాను. గడగడా చెప్పింది. కుడి కన్ను మూశాను. చెయ్యి తోసేసింది.

"వద్దు టీచర్."

మళ్ళీ మూశాను. తల తిప్పింది. మూడోసారి మూస్తే నా వేళ్ళ సందులోంచి చూడబోయింది. ఆ చిన్న కనురెప్ప నా అరచేతిలో సీతాకోకచిలుకలా కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

"ఏందమ్మా, ఇంకా ఆ పిల్ల దగ్గరే ఉన్నావా? మొండి చేస్తందా? తొందరగా కానీయ్" అంది పెద్ద మేడం.

నేను వేళ్ళు బిగించాను. వంగి, పాప చెవిలో అందించాను. "పైకి..."

"పిట్టకి!" అంది పాప. చెయ్యి పైకి లేచింది. తర్వాత నేనేమీ అందించాల్సిన పని లేకపోయింది. కిందికి, ఇటు, అటు. మేడం నవ్వింది. ఆయమ్మ "బంగారుకొండ" అంది. నేను టిక్కు పెట్టాను. "రెండు కళ్ళూ బాగున్నాయి" అని అచ్చేసిన చీటీ మీద పాప పేరు రాసి సంతకం చేశాను.

మధ్యాహ్నం గురజాలలో పాఠం చెప్పిన ఆవిడే వచ్చింది. నా జాబితా చూసి, "ఒక్కరూ లేరా? చిన్నపిల్లల్లో మామూలుగా ఒకరిద్దరు తేలతారే" అంటూ నా మొహం వంక చూసింది. నేను నేల వంక చూశాను. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేదాన్నని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నిజం కాదేమో. ఆవిడకు అవతల ఇంకో రెండు బడులున్నాయి. వెళ్ళిపోయింది.

ఆ రోజు డైరీలో మూడే వాక్యాలు ఉన్నాయి. "అందరూ పాస్. ఒక్క పాప మొండి చేసింది కానీ పాట అందిస్తే చెప్పేసింది. పెద్ద మేడం మెచ్చుకున్నారు."

నాకు ఆరో తరగతిలో కళ్ళద్దాలు వచ్చాయి. 'సోడాబుడ్డి' అని పిలిపించుకున్నాను. పెళ్ళిళ్ళకు వెళ్తే మా అమ్మమ్మ అద్దాలు తీయించి సంచిలో పెట్టేది. ఎదురుగా ఉన్నది అత్తో పిన్నో తెలియక అందరికీ నవ్వు మొహం పెట్టేదాన్ని. ఆడపిల్లకు అద్దాలంటే ఏమిటో తెలుసు కాబట్టి ఆ పాపకు ఆ బాధ తప్పించానేమో అని ఒక రాత నా డైరీలో తర్వాత ఎప్పుడో ఉంది. ఆ వాక్యమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేలా చేస్తుంది. నేను తప్పించింది నా ఇబ్బందిని. దానికి జాలి పేరు పెట్టుకున్నాను.

ఏడాది గడిచింది. ఆ పిల్లలతో పాటు నన్నూ యూకేజీకి మార్చారు. పాప పూసలు గుచ్చేటప్పుడు దారం పక్కన పొడిచేది. మెట్టు దిగేటప్పుడు కాలితో వెతుక్కునేది. కళ్ళు నలుపుకునేది. సున్నం దుమ్ము ఎగిరే ఊళ్ళో కళ్ళు నలుపుకోని పిల్లలెవరు? చూశాను, చూసి ఊరుకున్నాను.

ఒక సోమవారం పాప కుడి కంటికి కురుపు లేచి, రెప్ప వాచి పూర్తిగా మూసుకుపోయి బడికి వచ్చింది. వాళ్ళ నాన్న గేటు దగ్గర దించి వెళ్ళిపోయాడు. రోజూ పరుగెత్తుకొచ్చే పిల్ల గోడ పట్టుకుని వస్తోంది. తలుపు చట్రానికి భుజం తగిలింది. తన సంచి తగిలించే మేకు దొరక్క గోడంతా తడిమింది. పిల్లలు నవ్వారు. "ఒరేయ్, కళ్ళగంతలాట ఆడతందిరా!" అన్నాడొకడు.

నేను దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు వేళ్ళు చూపించి, "ఇవి ఎన్ని తల్లీ?" అన్నాను.

పాప నా గొంతు వైపు మొహం తిప్పింది. టీచరు ఏదో అడుగుతోంది, కంటి గురించే అడుగుతోంది అని అర్థమైనట్టుంది. చెయ్యి పైకెత్తి మొదలుపెట్టింది. "పైకి పిట్టకి, కిందికి చేపకి..."

నాలుగు ముక్కలూ పాడి, నేను మెచ్చుకుంటానని ఆగింది.

సాయంత్రం తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. "కురుపు కాదండీ, అది తగ్గిపోద్ది. ఎడమ కన్ను చూపించండి. గుంటూరు తీసుకెళ్ళండి, ఇక్కడ వద్దు. ఈ వారమే వెళ్ళండి" అన్నాను. నేను అంత పొడుగు మాట ఎవరితోనూ అనగా ఆమె వినలేదు.

"ఎడమ దానికి ఏమైంది టీచరమ్మా? శుభ్రంగా ఉందిగా. పోయినేడు మీరే చూసి చీటీ ఇచ్చారుగా."

"అయినా చూపించండి" అన్నాను. అంతకు మించి అనలేదు.

గుంటూరు నుంచి వచ్చాక ఆమె నేరుగా బడికే వచ్చింది. పాప మొహం మీద గులాబీ రంగు ఫ్రేము అద్దాలు. ఆమె చేతిలో స్టీలు డబ్బా, డబ్బాలో సేమియా పాయసం.

"మీరు చెప్పబట్టి పోయాం టీచరమ్మా. ఎడమ కన్ను బద్దకించిందంట. చానా పవరుందంట. మంచి కన్ను రోజూ రెండు గంటలు మూసి పెట్టమన్నారు, ప్యాచీలు ఇచ్చారు. ఏడేళ్ళు నిండేలోపు ఎంతొస్తే అంతేనంట, ఆ తర్వాత అల్లా దయ." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయినేడే రావాల్సిందమ్మా అని కేకలేశాడు డాక్టరు. నేనూరుకోలా. మీ చీటీ తీసి చూపించా. మా టీచరు చూసింది, తప్పు రాసే మనిషి కాదు, అప్పటికి బాగుండుంటదిలే అన్నా. ఆయన చీటీ చూసి, మడిచి నా చేతికిచ్చాడు."

నేను డబ్బా అందుకున్నాను. ఆమె అక్కడే నిలబడి ఉంది కాబట్టి ఒక చెంచాడు తిన్నాను. బాగుందని చెప్పాను.

ఇంట్లో ప్యాచీ ఉంచుకోవడం లేదని, బడిలో అయితే మాట వింటుందని ఆ పని నాకప్పగించింది. రోజూ పొద్దున ప్రేయర్ కాగానే పాప అద్దాలు తీసి, కుడి కంటి మీద ప్యాచీ అతికించి, మళ్ళీ అద్దాలు పెట్టేదాన్ని. వాళ్ళమ్మ ప్రతి ప్యాచీ మీద మిగిలిన జాకెట్టు గుడ్డతో చిన్న పువ్వు కుట్టి పంపేది. ఆ రెండు గంటలూ పాప లోకం మసకైపోయేది. మొదటి వారమంతా ఏడ్చింది. "నువ్వు చెడ్డ టీచరు" అంది. పిల్లలు 'ఒంటికన్ను' అన్నారు. వాళ్ళను కసిరాను, జీవితంలో మొదటిసారి గట్టిగా.

నెల గడిచింది. వాళ్ళమ్మ కనిపించినప్పుడల్లా "మీ రుణం ఉంచుకోను" అనేది. వాళ్ళ వీధిలో ఇంకో ఇద్దరు తల్లులకు నా గురించి చెప్పి పంపింది, పిల్లల కళ్ళు చూడమని. ఆ ఇద్దరూ నాకు దండం పెట్టారు. ఆ దండం తర్వాత ఇక మోయలేకపోయాను. ఒక ఆదివారం డైరీ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆమె మిషను మీద ఉంది. గడపలో పాప గుండీలు దారానికి గుచ్చుతోంది, ఇప్పుడిప్పుడే ఇంట్లో కూడా ప్యాచీ ఉంచుకుంటోంది. నన్ను చూసి ఆమె లేవబోయింది. వద్దన్నాను. చెప్పడం చేతకాదు కాబట్టి చదివాను. గురజాలలో రాసుకున్న పేజీ, పాట కట్టిన పేజీ, పరీక్ష రోజు మూడు వాక్యాలు. మిషను చక్రం ఆగిపోయింది.

"అంటే, అది ఆ రోజే చెయ్యి తోసేసింది."

"తోసింది."

"నువ్వు పాట అందించావ్."

"అవును."

ఆమె అంతకుముందు నన్ను ఎప్పుడూ నువ్వు అనలేదు. కత్తెర తీసి, దారం తెంపి, కుడుతున్న జాకెట్టు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"నేను డాక్టరుతో పోట్లాడి వచ్చా నీ కోసం. అంతమందిలో."

నేను డైరీ మూశాను.

"ఏడాదంతా పోయిందిగా. ఇప్పుడొచ్చి పుస్తకంలో చదివితే దానికి చూపొచ్చిద్దా? నీ మనసు తేలికైద్ది, అంతే. నాకేంది?"

ఏడుపు వచ్చింది కానీ ఏడిస్తే ఆమె ఓదార్చాల్సి వస్తుందేమో అని ఆపుకున్నాను. పాప గుండీల దండ ఎత్తి, "అమ్మీ, ఎన్నైనయ్యో చూడు" అంది. ఆమె చూడలేదు.

"ఇంట్లో కూడా అదే పాట" అంది. "రోజూ పొద్దున వాళ్ళ నాన్న క్యాలెండర్ చూపించి ఇదేందమ్మా, కనపడతందా అంటాడు. పైకి పిట్టకి అంటది. కనపడిందో లేదో మాకెట్టా తెలుసుద్ది? కన్ను వస్తందో పోతందో ఎట్టా తెలుసుద్ది? ముందు ఆ పాట మాన్పించు. నేర్పింది నువ్వేగా."

మర్నాడు పాప బడికి వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. సంచిలో పువ్వు కుట్టిన ప్యాచీ ఉంది. పాయసం డబ్బా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పెద్ద మేడంకు కూడా జరిగింది చెప్పాను. "ఆ సంగతి ఇప్పుడెవరడిగారమ్మా నిన్ను?" అంది ఆవిడ. చార్టు గోడ మీద నుంచి తీస్తానంటే మాత్రం అడ్డు చెప్పలేదు.

పాట నేర్పడానికి రెండు రోజులు పట్టింది. మాన్పించడానికి నెలలు పడుతోంది. చార్టును బీరువాలో పెట్టాను. వారానికోసారి పిల్లలంతా వెళ్ళిపోయాక తీసి, ఒక వారం తలకిందులుగా, ఒక వారం పక్కకు తిప్పి తగిలించేదాన్ని. పాప అద్దాలు పెట్టుకుని, మంచి కన్ను మూసుకుని, నేల మీద గీసిన గీత దగ్గర నిలబడేది. పుల్ల ఎక్కడ పెట్టినా పాట మొదలయ్యేది.

పోయిన శుక్రవారం చార్టు తలకిందులుగా ఉంది. ఆయమ్మ నాలుగో వరుస మీద పుల్ల పెట్టింది. పాప నోరు తెరిచింది.

"పైకి పిట్టకి..."

"పాట వద్దు తల్లీ. అక్కడ ఏం కనపడితే అదే చెప్పు."

పాప చెయ్యి గాల్లో ఆగింది. మెడ ముందుకు చాచింది. పైకి పోవాలో, కిందికి రావాలో తెలియక ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత మెల్లగా కిందికి దించి, గౌను పట్టుకుంది.

"కనపడట్లా టీచర్."

అని, నేను కోప్పడతానేమో అని నా మొహం వైపు తిరిగింది. ఆ కన్నుతో నా మొహం ఎంతవరకు కనిపించిందో నాకు తెలియదు.

"మంచిది. కనపడకపోతే కనపడట్లేదనే చెప్పాలి" అన్నాను. "ఇంకా పెద్ద అక్షరాల వరుస చూడు."

ఆయమ్మ పుల్ల మూడో వరుసకు జరిగింది, మధ్యలో ఒక అక్షరం మీదికి. పాప చాలాసేపు చూసింది. పెదాలు కదల్లేదు. చెయ్యి కిటికీ వైపు చూపింది. సరిగ్గానే చూపింది. ఇంకొకటి, అదీ సరే. మూడోది తప్పింది.

వరండాలో వాళ్ళమ్మ నిలబడి ఉంది. డైరీ చదివిన ఆ ఆదివారం తర్వాత మేము మాట్లాడుకున్నది తక్కువ.

"ఏమంది?"

"మూడో వరుసలో రెండు చెప్పింది. నాలుగోది కనపడట్లేదంది."

"పాడలా?"

"మొదలుపెట్టింది. ఆపింది."

ఆమె నా చేతిలోని నోటుపుస్తకం తీసుకుంది. ఎడమ కన్ను, మూడో వరుస రెండు, నాలుగో వరుస లేదు అని రాసి ఉంది. కింద నా సంతకం ఉంది. ఆ సంతకాన్ని కాసేపు చూసి, పుస్తకం నాకు తిరిగిచ్చి, పాప జడకు ఊడిపోతున్న రిబ్బను బిగించింది.

"వచ్చే వారం మళ్ళీ అడుగు" అంది.